గోదావరి డెల్టాలో అందమైన సేంద్రియ పెరటితోట: తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడగానే ఒకసారి, కార్తీకం వచ్చేసరికి మరోసారి అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. పాదు ఎందుకు వడిలిపోయింది, పూత ఎందుకు నిలవలేదు, కొబ్బరి కింద ఏం పెట్టాలి అని. అడిగినవాళ్ళు అడిగినట్టుగానే ప్రశ్నలు రాసి, కింద జవాబులు పెట్టాను. మెట్ట ప్రాంతాలకు రాసిన సలహాలు డెల్టాలో చాలావరకు పనికిరావు. అక్కడ నీళ్ళు పెట్టడం సమస్య, ఇక్కడ నీళ్ళు బయటికి పంపడం సమస్య. ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు, ఏ జవాబుకి ఆ జవాబు విడిగా సరిపోతుంది.

## స్థలం, నేల

దొడ్లో సెంటు స్థలమే ఉందండి. ఇంటికి సరిపడా కూరలు వస్తాయా?

పూర్తిగా రావు. సెంటు అంటే 435 చదరపు అడుగుల పైచిలుకు. ఐదుగురున్న ఇంటికి ఏడాది పొడవునా కూరలు కావాలంటే ఐదు సెంట్ల దాకా ఉండాలి. అయితే ఆ ఒక్క సెంటులో ఆకుకూరలు, మిరప, కరివేపాకు, నాలుగు వంగమొక్కలు, రెండు పాదులు హాయిగా పడతాయి. ఆకుకూరలు బజారులో కొనే పని తప్పితే అదే పెద్ద లాభం, ఎందుకంటే మందులు ఎక్కువగా పడేదీ, కడిగినా పూర్తిగా పోనిదీ వాటి మీదే. మొదటి ఏడాది అర సెంటుతో మొదలుపెట్టి, కలుపు తీసే ఓపిక ఎంతుందో చూసుకుని పెంచండి.

మా దొడ్డంతా కొబ్బరి నీడే. కూరగాయలు కాస్తాయా?

కాయ కాసే మొక్కలకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడాలి. వంగ, బెండ, టమాటా, బీర, ఆనప నీడలో పెరుగుతాయి కానీ ఆకు తప్ప కాయ చూపించవు. కంద, చేమ, పసుపు, అల్లం మాత్రం కొబ్బరి కింద జల్లెడ నీడలో చక్కగా వస్తాయి. కోనసీమ తోటల్లో ఎప్పటినుంచో చేస్తున్నది అదే. కరివేపాకు, బచ్చలి కూడా సర్దుకుంటాయి. ఏది పెట్టినా కొబ్బరి మొదలుకు రెండు మీటర్ల దూరం వదలండి, చెట్టు వేళ్ళలో ఎక్కువ భాగం ఆ పరిధిలోనే ఉంటాయి. ఎండ బాగా పడేది డాబా మీదే అయితే పాదుల్ని కింద నాటి పైకి పాకించండి.

మాది జిగురు నల్లమట్టి. వానొస్తే బురద, ఎండొస్తే బీటలు. ఏం చేయాలి?

అది చెడ్డ నేల కాదు, పోషకాలు పట్టి ఉంచే నేల. దాని జబ్బు ఒకటే, వేళ్ళకు గాలి ఆడదు. ఎత్తుమడులు వేయడమే మందు. మూడు నుంచి నాలుగు అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు ఉంచి, మడికీ మడికీ మధ్య అడుగున్నర కాలువ తీయండి. ఆ కాలువలన్నీ వాలుగా ఒక మూలకు చేరి, అక్కడి నుంచి వీధి డ్రైనుకో బోదెకో పోవాలి. మడి మట్టిలో బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు), రైసుమిల్లు ఊక, ఎండాకులు కలపండి. తడిగా ఉన్నప్పుడు పార పెట్టొద్దు. పెళ్ళలు రాళ్ళలా గట్టిపడి, మళ్ళీ వాన పడేదాకా విరగవు.

ఇసుక కలిపితే బాగుపడుతుందని చాలామంది ట్రాక్టరు ఇసుక తోలిస్తారు. కొద్దిపాటి ఇసుక వల్ల ఉపయోగం లేదు, పైగా మట్టి ఇంకా గట్టిపడొచ్చు. ఆ డబ్బుతో ఎరువు కొనండి. తీరిక ఉంటే మే చివర్లో జీలుగ లేదా జనుము చల్లి, పూత దశలో మట్టిలో తొక్కేయండి.

మాది అంతర్వేది వైపు ఇసుక నేల. ఎంత ఎరువేసినా ఏమైపోతుందో తెలియడం లేదు.

కిందికి జారిపోతుంది. ఇసుక నేలలో ఎరువు ఒకేసారి కుమ్మరించకుండా కొద్దికొద్దిగా, తరచుగా వేయాలి. కడిగిన కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు సగం సగం కలిపి పాదుల్లో వేస్తే తడి నిలుస్తుంది. మట్టి ఎప్పుడూ గడ్డితో కప్పి ఉండాలి. ఇలాంటి నేలలో ముల్లంగి, చిలగడదుంప, దోస, గుమ్మడి నల్లమట్టిలో కంటే బాగా వస్తాయి, కాబట్టి మరీ నిరాశ పడాల్సిన పని లేదు.

పక్కన రొయ్యల చెరువులు వచ్చాక బోరు నీళ్ళు ఉప్పగా మారాయి. తోట వదులుకోవాల్సిందేనా?

వదులుకోనక్కర్లేదు గానీ పద్ధతి మార్చుకోవాలి. ముందు నీటిని పరీక్ష చేయించి ఈసీ విలువ (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, మీటరుకు డెసీసీమెన్స్‌లో) తెలుసుకోండి. 0.7 లోపు ఉంటే బెంగ లేదు. 3 దాటితే ఆ నీళ్ళతో మామూలు కూరగాయలు పండించాలనుకోవడం డబ్బు తగలేయడమే. మధ్యలో ఉంటే పంట ఎంపిక మీద ఆధారపడి ఉంటుంది. పాలకూర, గోరుచిక్కుడు, బీట్‌రూట్ ఉప్పును కొంత ఓర్చుకుంటాయి. బీన్స్, క్యారెట్, ఉల్లి అసలు ఓర్వవు.

డాబా మీద పడే వాన నీటిని ట్యాంకులో పట్టి నారుకు, లేత మొక్కలకు అవే వాడండి. కాలువ నీళ్ళు దొరికిన రోజున మడుల్ని నిండా తడిపితే పేరుకున్న ఉప్పు కిందికి దిగుతుంది, అయితే ఆ నీరు బయటికి పోయే దారి ఉండాలి. ఎండాకాలంలో నేల మీద తెల్లని పొర కనిపిస్తే కింది ఉప్పు ఆవిరితో పాటు పైకి వస్తోందన్నమాట, గడ్డి కప్పితే అది తగ్గుతుంది. బూడిద వేయొద్దు. జిప్సం అన్ని ఉప్పు నేలలకూ పనిచేయదు, కారుచౌడు (సోడియం ఎక్కువైన నేల) అని పరీక్షలో తేలితేనే వేయాలి. ఉప్పు నేలలో పచ్చిరొట్టకు జీలుగే నయం. రొయ్యల చెరువు అడుగు మట్టి ఎవరైనా ఊరికే తోలిస్తామన్నా వద్దనండి.

మట్టి, నీళ్ళు ఎక్కడ పరీక్ష చేయిస్తారు?

ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో అడిగితే నమూనా ఎలా తీయాలో, ఎక్కడికి పంపాలో చెబుతారు. ఉండిలోనూ, తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలోనూ కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. నమూనా ఒకే చోట తీయకుండా నాలుగైదు చోట్ల జానెడు లోతు మట్టి తీసి కలిపి, నీడలో ఆరబెట్టి అరకిలో ఇవ్వాలి.

## తోటను అందంగా వేసుకోవడం

కూరగాయల తోట అంటే గజిబిజిగానే ఉంటుంది కదా. చూడ్డానికి బాగుండాలంటే ఎలా?

ముందు నీళ్ళు పోయే దారి గీయండి, మడుల ఆకారం దాని వెంటే వస్తుంది. వాలు ఎటుందో వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని చూస్తే తెలిసిపోతుంది. కాలువలు తిన్నగా ఉంటే మడులు తిన్నగా ఉంటాయి, అప్పుడు సగం గజిబిజి పోయినట్టే.

తర్వాత ఎత్తులు. పందిళ్ళు, ఎత్తుగా పాకే పాదులు ఉత్తరం వైపు పెట్టండి. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ దక్షిణం వైపు నుంచి వాలుగా పడుతుంది, కాబట్టి వాటి నీడ మిగతా మొక్కల మీద పడదు. మధ్యలో వంగ, బెండ, మిరప. ముందు వరసలో ఆకుకూరలు. గుమ్మం దగ్గర నించుని చూస్తే తోట మెట్లు మెట్లుగా కనిపిస్తుంది, ఏ మొక్కా దాక్కోదు.

ఇక రంగులు. మన కూరగాయల్లోనే బోలెడు ఉన్నాయి. ఎర్ర తోటకూర పక్కన పాలకూర, ఎర్రకాడ బచ్చలి పందిరి, ఊదా పూల చిక్కుడు, తెల్లవంకాయ, పండుమిర్చి. ఒక్కో రకాన్ని చెదరగొట్టకుండా గుంపుగా వేస్తేనే రంగు కంటికి ఆనుతుంది. మడుల అంచుకు ఇటుకలు ఏటవాలుగా పాతొచ్చు, లేదా కొబ్బరి డొక్కలు బోర్లించి వరసగా పేర్చొచ్చు. డొక్కలు ఒకటి రెండేళ్ళకు చివికి ఎరువైపోతాయి. నడిచే దారిలో ఊక పోస్తే వానాకాలంలో కాలికి బురద అంటదు. రంగులేసిన టైర్లు, వేలాడే కూల్‌డ్రింక్ సీసాలు నాకు నచ్చవు గానీ అది ఎవరిష్టం వాళ్ళది.

అన్నిటికన్నా తోట అందాన్ని పాడుచేసేది ఖాళీ మడి. పాలకూర పీకేసిన సాయంత్రమే మెంతులు చల్లేయండి.

పందిరి దేనితో వేస్తే నాలుగు కాలాలు ఉంటుంది?

సరుగుడు గుంజలు, వెదురు బద్దలు, కొబ్బరి తాడు. ఇవన్నీ దగ్గర్లో దొరికేవే. ఆరడుగుల ఎత్తు ఉంటే కింద నించుని కాయ కోసుకోవచ్చు. గుంజ భూమిలో అడుగున్నర నుంచి రెండడుగులు దిగాలి, లేకపోతే ఈదురుగాలికి కాసిన పందిరి కాసినట్టే వాలిపోతుంది. దొండ ఏళ్ళ తరబడి ఉండే పాదు కాబట్టి దానికి మాత్రం ఇనుప గొట్టాలు, తీగ పెట్టినా దండగ కాదు. ఇంటి దారి మీద కమాను కట్టి పొట్ల, బీర పాకిస్తే వచ్చినవాళ్ళు వేలాడే కాయల కిందుగా నడిచి వస్తారు. పొట్లకాయ చివర చిన్న రాయి కట్టడం మర్చిపోవద్దు, తిన్నగా పెరుగుతుంది.

బంతి మొక్కలు అందం కోసమా, పురుగుల కోసమా?

రెండూ. టమాటా కాయ తొలిచే పచ్చపురుగు తల్లి రెక్కలపురుగు బంతిపూల మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది, అక్కడ ఏరేయడం తేలిక. వేళ్ళకు బుడిపెలు తెచ్చే నులిపురుగుల్ని కూడా బంతి తగ్గిస్తుంది. అయితే నాలుగు బంతి మొక్కలు పెట్టాం కదా అని పురుగు రాదనుకోవద్దు. టమాటా పూతకు వచ్చే వేళకే బంతి కూడా పూతలో ఉండాలి, అంటే నలభై రోజుల బంతినారుతో పాటు పాతిక రోజుల టమాటా నారు నాటాలి.

కడియం నర్సరీల నుంచి నారు తెచ్చుకోవచ్చా?

నిరభ్యంతరంగా. ఆకు వెనక తిప్పి చూసి తెల్లదోమ, పిండినల్లి లేనిదే తీసుకోండి. పూత వచ్చేసిన నారు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నాటితే ఎదగదు. కుండీ అడుగున వేళ్ళు చుట్టుకుపోయినది కూడా అంతే.

## విత్తనం, కాలం

ఏ నెలలో ఏం వేయాలో ఒక్కసారి చెప్పేయండి.

మృగశిర కార్తెలో, అంటే జూన్ రెండో వారం నుంచి బెండ, గోరుచిక్కుడు, బీర, ఆనప, పొట్ల, కాకర, గోంగూర. ఎత్తుమడి ఉంటేనే ఇవి వానాకాలం దాటుతాయి. పాదు చిక్కుడు ఆషాఢ శ్రావణాల్లో వేస్తే సంక్రాంతికి కాయ చేతికొస్తుంది. వంగ ఏడాది పొడవునా వస్తుంది గానీ జూన్, అక్టోబరు నాట్లు మేలు.

అసలు పండగ అక్టోబరు చివరి నుంచి. టమాటా, మిరప, క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, పాలకూర, మెంతి, కొత్తిమీర అన్నీ చలికాలానికే. నారు సెప్టెంబరులోనే పోసుకోవాలి, పైన కప్పు ఉన్నచోట. జనవరి, ఫిబ్రవరిలో మళ్ళీ బెండ, దోస, గుమ్మడి, ఆనప. ఏప్రిల్, మే నెలల్లో కొత్తగా పెట్టాల్సినవి తోటకూర, బచ్చలి, కంద. రోహిణి ఎండల్లో టమాటా కాయించాలన్న పంతం వద్దు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది, ఏ కషాయం కొట్టినా నిలవదు.

నాటు విత్తనమే వేయాలా? హైబ్రిడ్ వేస్తే సేంద్రియం కాదా?

హైబ్రిడ్ విత్తనంతోనూ సేంద్రియంగా పండించొచ్చు. తేడా ఏంటంటే దాని గింజ దాచి మళ్ళీ వేస్తే అదే కాయ రాదు. ఆనప, బీర, చిక్కుడు, గోంగూర, తోటకూరలకు నాటు విత్తనం చాలు, ఊళ్ళో ఎవరి దొడ్లోనైనా దొరుకుతుంది. టమాటాకు మాత్రం తెగుళ్ళు తట్టుకునే రకం తెచ్చుకోండి, మన తేమకు నాటు టమాటా నిలవడం కష్టం. గులాబీ, ఆకుపచ్చ పొడి పూసిన విత్తనం వద్దు, అది మందు పట్టించిన గింజ.

నారు మొలిచి, మొదట్లో నులిమినట్టు అయిపోయి పడిపోతోంది.

నారుకుళ్ళు. తేమ ఎక్కువై, విత్తనం ఒత్తుగా పడితే వస్తుంది. నారుమడి అరడుగు ఎత్తున ఉండాలి, వరసల్లో పలచగా చల్లాలి, నీళ్ళు పొద్దున్నే పెట్టాలి. చల్లేముందు విత్తనానికి ట్రైకోడెర్మా విరిడి (తెగులు బూజును అణిచే మేలు శిలీంధ్రం) పొడి పట్టించండి, కిలో గింజకు 4 గ్రాముల లెక్క కాబట్టి పెరటికి చిటికెడు సరిపోతుంది. పడిపోయిన నారు లేవదు, ఆ చోట మళ్ళీ చల్లొద్దు.

కంద పెట్టాలనుంది. దురద లేని రకం ఏది?

కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం నుంచి వచ్చిన గజేంద్ర. పావుకిలో నుంచి అరకిలో ముక్క, ప్రతి ముక్కలోనూ మొలక ఉండేలా కోసి, పేడనీళ్ళలో ముంచి, నీడలో ఆరబెట్టి నాటాలి. ఎనిమిది తొమ్మిది నెలలకు ఆకు పండి వాలిపోయాక తవ్వండి. పక్కనే బచ్చలి పాదు ఉండాలని ఎవరికీ చెప్పక్కర్లేదనుకుంటా.

దొండ గింజ వేస్తే మొలవలేదు.

దొండను గింజతో పెట్టరు. బాగా కాసే పాదు నుంచి పెన్సిలంత లావు తీగ, నాలుగు కణుపులున్నది కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా నాటండి. కాయని పాదు నుంచి ముక్క తెచ్చుకుంటే అదీ కాయదు.

## ఎరువు

ఆవు లేదు. సేంద్రియం సాధ్యమేనా?

సాధ్యమే. వంటింటి చెత్త, ఎండాకులు, కోసిన గడ్డి పొరలుగా వేసి తేమ ఆరకుండా చూస్తే మూడు నాలుగు నెలల్లో కంపోస్టు తయారు. పైన రేకు కప్పకపోతే వానాకాలంలో సారమంతా కారిపోతుంది. దీనికి తోడు వేపపిండి సెంటుకు కిలో చొప్పున వేసుకోండి. వేరుశనగ చెక్క నానబెట్టి, రెండు రోజులయ్యాక పది రెట్లు నీళ్ళు కలిపి మొదట్లో పోస్తే ఆకుకూరలు ఉరకలు వేస్తాయి. వాసన మాత్రం పక్కింటి దాకా వెళుతుంది. గెల కోసేసిన అరటి చెట్టు కాండాన్ని ముక్కలు కోసి పాదుల్లో వేయడం రావులపాలెం వైపు ఇళ్ళలో మామూలే.

జీవామృతం 200 లీటర్లు చేయమంటారు. మాకంత అక్కర్లేదు.

ఇరవై లీటర్ల నీళ్ళకు కిలో ఆవుపేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి లేదా ఏదైనా పప్పుపిండి, రసాయనాలు పడని చోటి గుప్పెడు మట్టి. నీడలో పెట్టి, గోనె కప్పి, రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పండి. 48 గంటలకు తయారవుతుంది, వారంలోపు వాడేయాలి. తడిగా ఉన్న మట్టిలోనే పోయాలి. కోతకు సిద్ధంగా ఉన్న ఆకుకూరల మీద చల్లకండి, అందులో ఉన్నది పేడే కదా. ఇంకో మాట, దీన్ని ఎరువుకు బదులుగా కాదు, ఎరువుతో పాటు వాడాలి. మట్టిలో తినడానికి చెత్తా చెదారం లేకపోతే సూక్ష్మజీవులు మాత్రం ఏం చేస్తాయి?

కొబ్బరి పొట్టు ఊరికే దొరుకుతోంది. నేరుగా వేసేయొచ్చా?

వద్దు. పీచు మిల్లు దగ్గర పోగైన పచ్చి పొట్టులో ఉప్పు, వగరు ఎక్కువ. ఒక వానాకాలమంతా బయట తడవనివ్వండి, లేదా తొట్టిలో నానబెట్టి ఎర్రనీళ్ళు పారబోయడం రెండు మూడుసార్లు చేయండి. కడిగినా అది తేమ పట్టే సామగ్రే తప్ప ఎరువు కాదు. నల్లమట్టిలో, వానాకాలంలో ఎక్కువ వేస్తే ఉన్న తేమ చాలదన్నట్టు ఇంకా పట్టి ఉంచుతుంది.

గెత్తం ఎంత వేయాలి? పచ్చిపేడ వేస్తే త్వరగా పనిచేస్తుందంటారు.

సెంటుకు 80 నుంచి 100 కిలోలు, ఆఖరి తవ్వకంలో. పచ్చిపేడ వేస్తే వేడికి వేళ్ళు మాడతాయి, కలుపు గింజలు మొలుస్తాయి, వేరు పురుగూ వస్తుంది. చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాకుండా మట్టి వాసన రావాలి.

వరిగడ్డి కప్పితే పాములు, చెదలు వస్తాయని మా అత్తగారు ఒప్పుకోవడం లేదు.

ఆవిడ భయంలో న్యాయం ఉంది. మందంగా పోగుపెడితే ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. రెండు మూడు అంగుళాల మందం చాలు. మొక్క మొదలుకు బెత్తెడు దూరం వదలండి, ఇంటి గోడకు ఆనించొద్దు. జోరు వానలున్న నెలల్లో పలచన చేయండి.

## నీళ్ళు

వేసవిలో కాలువ కట్టేస్తే తోట ఎండిపోతోంది.

దాళ్వా (రెండో కారు వరి) అయ్యాక ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలకు నీళ్ళు ఆపడం ఏటా జరిగేదే కాబట్టి తోటనే దానికి తగ్గట్టు సర్దుకోవాలి. ఏప్రిల్ నాటికి పెద్ద పంటలు ముగిసిపోవాలి. దొండ, మునగ, కరివేపాకు, కంద, ఒక మడి ఆకుకూర ఉంచి మిగతా మడులకు గడ్డి కప్పి విశ్రాంతి ఇవ్వండి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు పాదులకు సరిపోతాయి. అడుగున చిన్న చిల్లున్న మట్టికుండను పాదు పక్కన పాతిపెట్టి నింపితే నీళ్ళు చాలా ఆదా.

మొక్క వాడిపోయింది. రోజూ రెండు పూటలా నీళ్ళు పోస్తున్నా లేవడం లేదు.

పోయడం ఆపండి. వేలు మట్టిలోకి దించి చూడండి, లోపల తడిగా ఉంటే వేళ్ళు ఊపిరాడక కుళ్ళుతున్నాయి. డెల్టాలో ఎండి చచ్చే మొక్కల కంటే మునిగి చచ్చేవే ఎక్కువ. మొదలు చుట్టూ గుంట చేసి నీళ్ళు నిలిపే అలవాటు వానాకాలంలో మానేసి, మట్టి ఎగదోయండి. పది కిలోల మాగిన గెత్తంలో కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి, తడి చిలకరించి, పది రోజులు నీడలో ఉంచి మిగతా మొక్కల మొదళ్ళలో వేయండి. టమాటా, వంగ ఆకు పచ్చగా ఉండగానే ఉన్నపళంగా వాలిపోతే అది వడలు తెగులు, ఆ మొక్కను వేళ్ళతో సహా తీసేయాలి.

## పూత, పురుగు, తెగులు

ఆనపపాదుకు పూత బోలెడు, పిందెలు మాత్రం పసుపెక్కి రాలిపోతున్నాయి.

మొదట వచ్చేవన్నీ మగపూలే, వాటి గురించి బెంగ వద్దు. వెనక చిన్న కాయ ఉన్నది ఆడపువ్వు. అది రాలిపోతుంటే పుప్పొడి అందలేదన్నమాట. ఆనప, బీర, పొట్ల పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, గుమ్మడి, దోస, కాకర తెల్లవారుజామున. చాలామంది పొద్దున్న పదింటికి ఆనపపువ్వుకు పుప్పొడి అద్దడానికి వెళ్ళి పని జరగలేదంటారు. మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్య భాగానికి మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడింటికి సరిపోతుంది. జడివాన రోజుల్లో పుప్పొడి తడిసిపోతుంది, అప్పుడు ఓపిక పట్టడమే.

చిక్కుడు పాదు పందిరంతా అల్లుకుంది, ఒక్క పువ్వు లేదు.

మన నాటు పాదు చిక్కుడు పగటివేళ తగ్గితేనే పూస్తుంది. మార్చిలో వేసినా, ఆగస్టులో వేసినా పూత కార్తీకం దగ్గరే. ఈలోగా పేడనీళ్ళు పోస్తే ఆకు ఇంకా బలుస్తుంది. కొసలు తుంచి, పేనుబంక చేరకుండా చూడండి. చేరితే గట్టిగా నీళ్ళు కొడితే సగం పోతుంది.

బీరకాయ, కాకరకాయ కోస్తే లోపల పురుగులు.

పండు ఈగ. లేత కాయకు పొడిచి లోపల గుడ్లు పెడుతుంది, ఆ తర్వాత ఏం కొట్టినా లోపలికి అందదు. క్యూ లూర్ ఎర బుట్టలు పూత మొదలైనప్పుడే కట్టండి. మామిడికి వాడే మిథైల్ యూజినాల్ ఎర ఈ ఈగకు పనిచేయదు, కొట్లో అడిగేటప్పుడు పేరు చెప్పి తీసుకోండి. పిందె పడగానే పాత కాగితం లేదా పలచటి గుడ్డ సంచి తొడిగితే అంతకన్నా ఖాయం. పుచ్చిన కాయల్ని దొడ్లోనే విసిరేస్తే పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగ అవుతుంది. పాలిథీన్ సంచిలో మూతి కట్టి ఎండలో పడేయండి.

వంగ చివర్లు వాలిపోతున్నాయి, కాయకు చిల్లులు.

మొవ్వు, కాయ తొలిచే పురుగు ఒకటే. వాలిన చివర కిందికంటా కోసి కాల్చేయండి, వారానికి రెండుసార్లు. ఊరంతా వంగ ఉన్నచోట లింగాకర్షక బుట్టలూ (మగ రెక్కలపురుగుల్ని వాసనతో రప్పించి పట్టేవి) పెట్టాలి. పది మొక్కలే ఉంటే దోమతెర కప్పేయడం సులువు. ఆకులు చిన్నచిన్నగా గుబురుగా వచ్చి కాయ పట్టకపోతే అది వెర్రి తెగులు, మందు లేదు, పీకేయండి.

బెండ ఆకు ఈనెలు పసుపెక్కాయి.

తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. ఆ మొక్క బాగుపడదు. తీసేసి, మిగతావాటి మధ్య పసుపు జిగురు అట్టలు పెట్టండి.

మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయి. పుల్లమజ్జిగ కొట్టాను, తగ్గలేదు.

ఆకు పైకి దొప్పలా ముడిస్తే తామరపురుగు, కిందికి తిరగేసిన పడవలా ముడిస్తే తెల్లనల్లి. పైముడతకు వేపనూనె, కింది ముడతకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. గంధకం సేంద్రియంలో అనుమతి ఉన్నదే, ఎండ పూట మాత్రం కొట్టకూడదు. పుల్లమజ్జిగను బూడిద తెగులుకు దాచుకోండి.

వేపనూనె ఎంత కలపాలి? కలిపితే పైకి తేలిపోతోంది.

డబ్బా మీద 1500 పీపీఎం (వేపలోని మందు గాఢత) అని ఉంటే లీటరుకు 5 మిల్లీలీటర్లు, 10000 పీపీఎం అయితే 1 మిల్లీలీటరు. ముందు నూనెను కుంకుడు రసంతోనో సబ్బునీళ్ళతోనో చిలికి, తర్వాత నీళ్ళు పోయాలి. సాయంత్రం, ఆకు అడుగున తగిలేలా కొట్టాలి.

నత్తలు నారంతా తినేస్తున్నాయి.

సాయంత్రం తడి గోనెసంచి పరిచి, కింద క్యాబేజీ లేదా బొప్పాయి ఆకులు పెట్టండి. తెల్లారి సంచి ఎత్తితే అన్నీ అక్కడే ఉంటాయి. ఉప్పు చల్లితే నత్తతో పాటు మడీ పాడవుతుంది.

కోతులకు?

వల తప్ప మార్గం లేదు. కంద, పసుపు, అల్లం జోలికి అంతగా రావు.

## తుఫాను, వరద

తుఫాను వస్తోందన్నారు. ముందు రోజు ఏం చేయాలి?

కోతకు దగ్గరైన కాయలన్నీ కోసేయండి. కాలువల్లో అడ్డం పడ్డ చెత్త తీసి, నీళ్ళు పోయే మూల తెరిచి ఉంచండి. పందిరి మీద తీగ బరువు తగ్గించి, తాళ్ళు నాలుగు వైపులకీ లాగి కట్టండి. వంగ, మిరపకు మట్టి ఎగదోసి కర్ర ఊతం ఇవ్వండి. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్ళకు తెలుసు, గాలి ఆగిపోయినట్టు అనిపించాక రెండో వైపు నుంచి మొదలవుతుంది. కొబ్బరి చెట్ల కిందికి వెళ్ళి మొక్కలు సర్దే సాహసం వద్దు.

మూడు రోజులు నీళ్ళు నిలిచి తీశాయి. ఏం మిగులుతాయి?

కూరగాయల్లో చాలావరకు ఒక రోజు మునకే ఎక్కువ. చేమ, బచ్చలి బతకొచ్చు. టమాటా, మిరప, బొప్పాయి ఆశ వదులుకోండి. నీళ్ళు తీశాక నేల అడుగు పెట్టనిచ్చేదాకా తొక్కొద్దు. ఒండ్రు రెండు మూడు అంగుళాలు పడితే అది వరమే, ఆరాక మట్టిలో కలిపేయండి. అంతకన్నా మందంగా పడితే మొక్క మొదలు చుట్టూ తీయాలి. డ్రైను నీళ్ళు కలిసిన వరదైతే మునిగిన ఆకుకూరలు తినొద్దు. ఆ మడుల్లో ముందుగా పందిరి పంటలు వేసి, పచ్చిగా తినేవి తర్వాతి కాలానికి ఉంచండి.

## కోత, విత్తనం, అమ్మకం

ఎప్పుడు కోయాలో తెలియక కాయలు ముదిరిపోతున్నాయి.

బెండ రోజు విడిచి రోజు, చివర పుటుక్కున విరిగేటప్పుడు. ఆనప మీద గోరు దిగాలి. వంకాయ నిగనిగలాడుతున్నప్పుడే కోయాలి, మెరుపు తగ్గితే గింజ ముదిరినట్టు. ముదిరిన కాయ పాదు మీదే ఉంటే కొత్త పూత తగ్గుతుంది, కాబట్టి తినకపోయినా కోసేయండి.

విత్తనం దాచుకోవాలంటే?

మొదటి కాపులో బాగున్న కాయకు గుర్తుగా దారం కట్టి, చెట్టునే ఎండనివ్వండి. ఆనప, బీర పక్కింటి రకంతో సంపర్కం అయిపోతాయి కాబట్టి పూతప్పుడే మొగ్గకు సంచి కట్టి, చేత్తో పుప్పొడి అద్దిన కాయనే ఉంచాలి. చిక్కుడు, గోరుచిక్కుడుకు అంత శ్రమ అక్కర్లేదు. మన తేమకు గింజ త్వరగా బూజు పడుతుంది. నీడలో ఆరబెట్టి, సీసాలో అడుగున బూడిద పోసి, గింజల పొట్లం పైన పెట్టి మూత బిగించండి. సీసా మీద రకం పేరు, నెల రాయండి.

మిగిలిన కూరలు వీధిలో అమ్ముదామనుకుంటున్నాం. సర్టిఫికెట్ కావాలా?

తినేవాళ్ళకు నేరుగా అమ్మే చిన్న ఉత్పత్తిదారులకు తప్పనిసరి కాదు, కానీ జైవిక్ భారత్ ముద్ర (సర్టిఫికెట్ ఉన్న సేంద్రియ ఆహారానికి ప్రభుత్వ గుర్తు) వేసుకోకూడదు. కొట్టుకు వేయాలనుకుంటే పీజీఎస్ ఇండియా పద్ధతి తేలిక. కనీసం ఐదుగురు రైతులు గుంపుగా చేరి ఒకరి తోట ఒకరు తనిఖీ చేసుకుంటారు. వీధిలో అమ్మేటప్పుడైతే కొనేవాళ్ళను ఒకసారి దొడ్లోకి రమ్మనండి, ఏం వాడుతున్నారో డబ్బాలతో సహా చూపించండి. ధర మాత్రం బజారు ధరకు మరీ దూరంగా పెట్టకండి, రెండో వారం నుంచి ఎవరూ రారు.